డయాలసిస్ దురద: గోకితే తీరదు, ఎలర్జీ బిళ్లతో పోదు

[తెరపై: గోరుగాట్లు పడిన వీపు. మాట వెనక నుంచి]

కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అన్న మాట బడి మొహం చూడని ముసలమ్మలకీ తెలుసు. ఆ జబ్బుతో వచ్చే దురద సంగతి మాత్రం డాక్టరు దగ్గర ఎవరూ ఎత్తరు. మందుల షాపుకెళ్లి సిట్రిజిన్ అనే ఎలర్జీ బిళ్ల కొనుక్కుంటారు. దానివల్ల మత్తు వస్తుంది, దురద చాలామందికి అలాగే ఉంటుంది. పైగా ఆ మందు బయటికి పోవాల్సిందీ కిడ్నీలోంచే.

[తెరపై: రెండు బొమ్మలు, పక్కపక్కన]

కిడ్నీ దురదకు మొదట దద్దురు ఉండదు, గోకిన గాట్లే ఉంటాయి. ఎక్కువగా ఒంటికి రెండు పక్కలా వస్తుంది, రాత్రిపూట పెరుగుతుంది. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర పొక్కులుండి ఇంట్లో మిగతావాళ్లూ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దాని వైద్యం వేరు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేయాలి.

కిడ్నీ జబ్బులో చెమట గ్రంథులు, నూనె గ్రంథులు కుంచించుకుపోయి చర్మం ఎండుతుంది. రక్తంలో మలినాలు, భాస్వరం పెరుగుతాయి. దురదను మోసే నరాలూ అదుపు తప్పుతాయి. అందుకే ఒక్క మందుతో పని జరగదు.

[తెరపై: బకెట్టు, తువ్వాలు, కొబ్బరినూనె]

ముందు చర్మం. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం ముగించండి. పీచుతో రుద్దొద్దు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, అంటే మూడు నిమిషాల్లోపే, నూనె గానీ వాజిలిన్ గానీ రాయండి. ఆరిన ఒంటికి రాస్తే లోపల పట్టి ఉంచడానికి తడే ఉండదు. రోజుకు రెండుసార్లు ఒళ్లంతా రాస్తే వారానికి పావు కిలో క్రీము పడుతుంది, 20 గ్రాముల ట్యూబు ఏ మూలకి? కొబ్బరితోటల మధ్య ఉన్నవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు, నూనె బాగానే పనిచేస్తుంది. డయాలసిస్‌కి వెళ్లే రోజు ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి మాత్రం రాయొద్దు, ప్లాస్టరు అంటదు.

తర్వాత భాస్వరం బిళ్ల. సెవెలమర్, కాల్షియం ఎసిటేట్ లాంటివి అన్నంతో పాటే వేసుకోవాలి. అవి తిండిలోని భాస్వరాన్ని పేగులోనే పట్టేస్తాయి. పరగడుపున మింగితే పట్టడానికి అక్కడేమీ ఉండదు. ఎండుచేపలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. పలాస జీడిపప్పూ అంతే: వంద గ్రాముల్లో దాదాపు 590 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది.

డయాలసిస్ నాలుగు గంటలని రాస్తే నాలుగూ కూర్చోండి. బస్సు టైమయిందని అరగంట ముందే లేచిపోతే ఆ మలినం ఒంట్లోనే మిగిలిపోతుంది.

ఇన్ని చేసినా నిద్ర పట్టకపోతే గాబాపెంటిన్ గురించి డాక్టర్నే అడగండి. సాధారణంగా 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, డయాలసిస్ అయ్యాక ఇస్తారు. నరాల నొప్పికని పక్కింటివాళ్లు వాడే 300 బిళ్ల తెచ్చి మింగితే అది ఒంట్లో పేరుకుపోయి తూలి పడతారు, మాట తడబడుతుంది. యూవీబీ కాంతి చికిత్సతోనూ కొందరికి తగ్గుతుంది. షాపువాళ్లిచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు నెలల తరబడి పూస్తే చర్మం పలచబడిపోతుంది.

[తెరపై: సగం తెలుపు, సగం గోధుమరంగు గోరు]

గోళ్లు ఇలా మారినా, ఒళ్లు నల్లబడినా కంగారు లేదు.

[తెరపై: ఎర్ర గీత]

తొడల మీద, పొట్ట మీద ఊదారంగు మచ్చలు లేచి, తాకనివ్వనంత నొప్పి పెడుతుంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చిన్న రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని చర్మం చచ్చిపోతోందని అర్థం కావచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి. ఫిస్టులా దగ్గర ఎర్రబడినా, వేడెక్కినా, చీము కనబడినా వచ్చే డయాలసిస్ దాకా ఆగొద్దు.