పచ్చని కొమ్మలు, పుచ్చిన మొదలు

(విశాఖపట్నంలో అటవీ సిబ్బంది, నగర ఉద్యాన సిబ్బంది, వృక్షశాస్త్ర విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చెట్లను లోపలి నుంచి కుళ్ళబెట్టే శిలీంధ్రాలను ఎలా గుర్తుపట్టాలో ఇవాళ మాట్లాడుకుందాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి ఆరోగ్యంగా ఉన్న చెట్టు కూడా పడుతుంది, కాదనలేం. కానీ పడిన తీరు వేరుగా ఉంటుంది. గట్టి వేళ్ళున్న చెట్టు కూలితే పెద్ద పళ్ళెం ఆకారంలో మట్టిని వేళ్ళతో సహా లేపుకొస్తుంది. వేరుకుళ్ళు పట్టిన చెట్టు పిడికెడు మట్టి కూడా లేపదు. నేలమట్టం దగ్గరే పుటుక్కున విరుగుతుంది, వేళ్ళ మొండేలు మెత్తగా, పీచుపీచుగా కనిపిస్తాయి. మురుగుకాలువ తవ్వినప్పుడు పారతో నరికిన వేళ్ళయితే చివర్లు నున్నగా తెగి ఉంటాయి. రెండింటినీ ఒకటే అనుకోకండి. తుపాను మర్నాడు రంపం పెట్టే ముందు పడిన చెట్టు మొదలు ఫొటో తీసి, ఏ జాతి, ఎక్కడ విరిగింది అని రాసుకుంటే, ఆ వీధిలో నిలబడి ఉన్న చెట్లలో వేటిని ముందు పరీక్షించాలో తెలుస్తుంది.

చెట్టుకు జబ్బు చేస్తే ఆకు పండుతుందని మనకో నమ్మకం. చేవను తినే శిలీంధ్రాల విషయంలో అది పనికిరాదు. చేవ అంటే కాండం నడుమ ఉండే, చచ్చిన కణాల చెక్క. నీళ్ళు పైకెక్కేది దాని బయట ఉన్న తెల్లచెక్కలోంచి. అందుకే లోపల డొల్ల అవుతున్నా పైన ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంటుంది. కుళ్ళులో కూడా రకాలున్నాయి. తెల్లకుళ్ళు చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను కూడా తినేస్తుంది, చెక్క తెల్లగా, నారలా అవుతుంది. గోధుమకుళ్ళు చెక్కలోని నార పదార్థమైన సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలామటుకు వదిలేస్తుంది. చెక్క గోధుమరంగుకు తిరిగి, ఇటుక ముక్కల్లా పగులుతుంది. ఈ రెండోది మరీ మోసకారి. చెక్క బరువు పదో వంతు తగ్గకముందే దాని బలం సగానికి పైగా పోవచ్చు. కంటికి రంగు మారినట్టు కూడా తెలియని దశ అది.

మన దగ్గర ముందు చూడాల్సింది గానోడెర్మా అనే శిలీంధ్రం. కొబ్బరి రైతులకు దీని పేరు కొత్త కాదు. సరుగుడు, తురాయి, కానుగ వంటి చెట్లనూ ఇది పడుతుంది. వానలు పడ్డాక మొదలు దగ్గర వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్రగోధుమ రంగు చెక్క పుట్టగొడుగు వస్తుంది. అంచు తెల్లగా ఉంటే అది ఇంకా పెరుగుతోందన్నమాట. అడుగు భాగం తెల్లగా ఉంటుంది, గోటితో గీస్తే గీత గోధుమరంగుకు తిరుగుతుంది. చుట్టూ రాలిన ఆకుల మీద కోకో పొడిలాంటిది పరుచుకుని ఉంటే అవి దాని బీజాలు. పుట్టగొడుగును పీకి పారేసి పని అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పీకితే పోయేది పండు మాత్రమే. శిలీంధ్రం వేళ్ళలో అప్పటికి ఏళ్ళుగా కాపురం ఉంటోంది.

భీమిలి దారిలో సరుగుడు తోటలకు ఇంకో జబ్బుంది, బెరడు బొబ్బల తెగులు. కారకం ట్రైకోస్పోరియం వెసిక్యులోజం అనే శిలీంధ్రం. బెరడు ఉబ్బి పగిలితే లోపల మసిలాంటి నల్లపొడి ఉంటుంది, వేలితో తుడిస్తే అంటుకుంటుంది. ఆ పొడంతా బీజాలే, గాలికి పోతాయి. కొమ్మలు నరికిన గాయాల్లోంచి, ఒకదానికొకటి తగిలే వేళ్ళలోంచి పాకుతుంది. కాబట్టి వానాకాలంలో కొమ్మలు నరకవద్దు. తెగులు సోకిన చెట్టును మోడుతో సహా తీసి అక్కడికక్కడే కాల్చాలి. చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తవ్వితే వేళ్ళ దారి తెగుతుంది. కందకం జబ్బు చెట్టుకు ఆనించి తవ్వితే లాభం లేదు. పక్కనున్న, పచ్చగా కనిపించే చెట్ల వరుస కూడా లోపలే ఉండేలా గీయాలి, ఎందుకంటే జబ్బు ఆ వరుసకు చేరి ఉండే అవకాశమే ఎక్కువ.

పరీక్షకు ఖరీదైన యంత్రాలు తర్వాత. మొదలు చుట్టూ అరడుగు మట్టి చేత్తో తీసి, వేళ్ళు మొదలయ్యే చోటు చూడండి. రోడ్డు పనుల్లో మట్టి, కాంక్రీటు కప్పేసిన చెట్లలో ఈ చోటే తడిగా ఉండి ముందు కుళ్ళుతుంది. కొయ్యసుత్తితో చుట్టూ కొట్టి వినండి, డొల్ల మోత ఎక్కడుందో సుద్దతో గుర్తు పెట్టండి. బెరడు ఊడి ఉన్నా అదే మోత వస్తుంది, ముందు దాన్ని తేల్చుకోవాలి. అనుమానం నిలిచిన చెట్టుకే సన్నని సూది దించి చెక్క ఎంత గట్టిగా ఉందో కొలిచే రెసిస్టోగ్రాఫ్ అనే యంత్రం వాడాలి. లెక్క ఇది: గట్టి చెక్క గోడ మందం కాండం వ్యాసార్ధంలో 30 శాతానికి తగ్గకూడదు. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న కాండానికి 9 సెంటీమీటర్లు. తొర్ర బయటికి తెరుచుకుని ఉంటే ఈ లెక్క చెల్లదు. వేరుకుళ్ళు కూడా ఇందులో దొరకదు.

ప్రయోగశాలకు నమూనా పంపేటప్పుడు పూర్తిగా కుళ్ళిన ముక్క పంపకండి. అందులో పెరిగేవి ట్రైకోడెర్మా లాంటి తర్వాత వచ్చిన శిలీంధ్రాలు. కుళ్ళుకూ బాగున్న చెక్కకూ మధ్య సరిహద్దులోంచి ముక్క కావాలి. కాగితం సంచిలో పెట్టండి. మన ఉక్కకు ప్లాస్టిక్ సంచిలో రెండు రోజుల్లో బూజు పడుతుంది. ప్రయోగశాలలో అర సెంటీమీటరు ముక్కలు కోసి, పైనున్న సూక్ష్మజీవులు చావడానికి ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో నిమిషం ముంచి, శుభ్రమైన నీటితో కడిగి, శిలీంధ్రాలను పెంచే బంగాళాదుంప అగార్ జెల్లీ మీద 25 నుంచి 28 డిగ్రీల్లో పెంచుతారు.

కొమ్మ కోతకు ఒక్క మాట. కాండానికి ఆనుకుని కోస్తే కొమ్మ మెడ (కొమ్మ కాండంలో కలిసే చోటి ఉబ్బు) పోతుంది, శిలీంధ్రాన్ని అడ్డగించే గోడ చెట్టు కట్టేది అక్కడే. ముందు కాండానికి అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి గాటు, తర్వాత కాస్త బయటగా పైనుంచి కోత, చివరికి మెడను తాకకుండా, దాని బయట మిగిలిన మోడు తీయాలి. బోర్డో పేస్టు (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ఇనుప పాత్ర వద్దు) పూస్తే కొన్ని వారాలు పైనుంచి కొత్త బీజాలు తగలవు. లోపలి కుళ్ళును మాత్రం ఏ పూతా ఆపదు. చెట్టు తానే కుళ్ళు చుట్టూ గోడ కట్టుకుంటుందని అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షిగో 1977లో వివరించాడు. ఆ గోడను గొలికి, తొర్రలో సిమెంటు నింపే పాత పద్ధతి చెట్టుకు హానే చేస్తుంది.

ఇదంతా మనుషులు, ఇళ్ళు, కరెంటు తీగలు ఉన్న చోటి మాట. కంబాలకొండ అడవిలో తొర్ర చెట్టు కనిపిస్తే నరకాల్సిన పనిలేదు. గుడ్లగూబ, ఉడుము, తేనెటీగలు ఆ తొర్రలోనే ఉంటాయి. కుళ్ళబెట్టే శిలీంధ్రాలు లేకపోతే అడవిలో పడిన చెక్క పడినట్టే ఉండిపోతుంది. అక్కడ చూడాల్సింది ఒక చెట్టు కాదు, గుంపు. ఒకే చోట ఒకే జాతి చెట్లు వరసగా ఎండుతుంటే, ముఖ్యంగా బెట్ట ఏడాది తర్వాత, లాసియోడిప్లోడియా వంటి శిలీంధ్రాలను అనుమానించాలి. ఇవి ఏ లక్షణమూ చూపకుండా ఆరోగ్యమైన కొమ్మలోనే ఉండి, చెట్టు నీళ్ళకు అల్లాడినప్పుడు విజృంభిస్తాయి. మందు చల్లి అడవిని కాపాడలేం. ఎండిన చెట్లున్న చోటు జీపీఎస్‌తో గుర్తించి, ఆర్నెల్లకోసారి ఆ మచ్చ పెరిగిందా అన్నది కొలవగలం.

నగరంలో చెట్ల పరీక్షకు ఆగస్టు, సెప్టెంబరు నెలలు అనువైనవి. వానలకు పుట్టగొడుగులు బయటపడి ఉంటాయి, అక్టోబరు తుపాన్లకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.