ఆడించకుండానే వేటు

శ్రోతలకు నమస్కారం.

2018 సెప్టెంబరులో లండన్‌లోని ఓవల్ మైదానంలో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొలి టెస్టు ఆడాడు. ఆ మ్యాచ్ జరిగినన్ని రోజులూ మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. ఇంగ్లండ్ బౌలర్లు అండర్సన్, బ్రాడ్ స్వింగ్ చేస్తుంటే మొదట్లో తడబడ్డాడు. తర్వాత నిలదొక్కుకుని 56 పరుగులు చేశాడు. ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో వరుస బంతుల్లో జో రూట్‌నీ, అలిస్టర్ కుక్‌నీ ఔట్ చేశాడు. మేం ఎగిరి గంతేశాం.

అదే సమయంలో మన డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని ఉన్న కరుణ్ నాయర్ గురించి ఆ రోజు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇవాళ అది గుర్తొస్తే బాధగా ఉంటుంది.

కరుణ్ నాయర్ అంటే 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 పరుగులతో నాటౌట్‌గా నిలిచినవాడు. టెస్టుల్లో సెహ్వాగ్ తర్వాత ట్రిపుల్ సెంచరీ కొట్టిన భారతీయుడు అతనొక్కడే. మన జట్టు తర్వాతి టెస్టు మన హైదరాబాద్‌లోనే, ఉప్పల్‌లో బంగ్లాదేశ్‌తో ఆడింది. గాయం నుంచి రహానే కోలుకుని వచ్చాడు, కరుణ్ బెంచి మీదికి వెళ్లాడు. సరే, రహానే అంతకుముందు రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న స్థానం అది. ఆస్ట్రేలియా మీద మళ్లీ అవకాశమిస్తే కరుణ్ పరుగులు చేయలేదు, తీసేశారు. అదీ సరే.

కానీ 2018లో ఇంగ్లండ్ పర్యటనకు మొదటి నుంచీ జట్టుతో ఉన్నవాడు కరుణ్. మూడు టెస్టులయ్యాక ఇండియా నుంచి పిలిపించినవాడు విహారి. ఓవల్‌లో ఒక బ్యాట్స్‌మన్‌కి చోటు దొరికినప్పుడు వారాల తరబడి అక్కడే నెట్స్‌లో ఆడుతున్నవాణ్ని వదిలేసి, కొత్తగా దిగినవాణ్ని ఆడించారు. ఇదేమిటని గవాస్కర్ బహిరంగంగానే అడిగారు. ఆ తర్వాత వెస్టిండీస్ సిరీస్‌కి కరుణ్ పేరే లేదు. తనతో ఎవరూ మాట్లాడలేదని అతనన్నాడు. మాట్లాడానని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ అన్నారు. ఎవరి మాట నిజమో మనం తేల్చలేం. కారణం ఏమిటో అప్పుడే అందరి ముందూ స్పష్టంగా చెప్పి ఉంటే అసలు ఆ తగువే వచ్చేది కాదు.

ప్రసాద్ గుంటూరు మనిషి, విహారి కాకినాడ మనిషి. మనవాడు ఆడుతున్నాడన్న సంతోషంలో ఆ ప్రశ్న మనం అడగలేదు. 2019 వరల్డ్ కప్‌కి ఇంగ్లండ్ వెళ్లే జట్టులో మన తెలుగువాడు అంబటి రాయుడు పేరు లేకపోయేసరికి మాత్రం ఊరూవాడా గగ్గోలు పెట్టాం. పెట్టాల్సిందే. ఆ ఫిబ్రవరిలోనే వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే నాలుగు వికెట్లు పడినప్పుడు 90 పరుగులతో జట్టును ఒడ్డున పడేసింది రాయుడే. అయినా న్యాయం అడగడానికి ముందు ఆటగాడి సొంతూరు చూడకూడదు కదా.

విహారికీ చివరికి అదే జరిగింది. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొన్నాడు. పరుగులు 23 మాత్రమే. ఒంటికాలి మీద నిలబడ్డట్టే ఆడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు. ఆ ఏడాదే ఇంగ్లండ్ తీసుకెళ్లారు. అక్కడ ఇంగ్లండ్‌తో జరిగిన నాలుగు టెస్టుల్లో ఒక్కటి కూడా ఆడించలేదు. తర్వాత స్వదేశంలో న్యూజిలాండ్ సిరీస్‌కి జట్టులోనే చోటివ్వలేదు.

ఈ తీరు ఇప్పటికీ పోలేదు. సర్ఫరాజ్ ఖాన్ సంగతే చూడండి. 2024 అక్టోబరులో బెంగళూరులో న్యూజిలాండ్ మీద మనవాళ్లు 46 పరుగులకే ఆలౌటైన మ్యాచ్‌లో, రెండో ఇన్నింగ్స్‌లో 150 కొట్టాడు. ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. ఐదు టెస్టులు జరిగాయి, ఒక్కదాంట్లోనూ ఆడించలేదు. 2025 మేలో ఇంగ్లండ్‌కి 18 మందిని ఎంపిక చేసినప్పుడు అతని పేరు లేదు. ఆ సెంచరీ తర్వాత పరుగులు చేయలేదని చీఫ్ సెలెక్టర్ అజిత్ అగార్కర్ చెప్పారు. కారణం చెప్పినందుకు ఆయన్ని మెచ్చుకుంటాను. కానీ ఆ కారణం నిలవదు. సర్ఫరాజ్ తర్వాతి నాలుగు ఇన్నింగ్స్ పుణెలో, ముంబై వాంఖడేలో, బంతి గిర్రున తిరిగే పిచ్‌ల మీద ఆడినవి. అక్కడ జట్టు జట్టంతా చేతులెత్తేసింది. స్పిన్ పిచ్ మీద వచ్చిన ఆ పరుగులు చూసి, ఇంగ్లండ్‌లో స్వింగ్‌ను ఆడలేడని ఎలా అనుకుంటారు? ఆస్ట్రేలియాలో ఒక్క టెస్టు ఆడించి ఉంటే ఏ సంగతీ తెలిసేది.

బెంగాల్ ఓపెనర్ అభిమన్యు ఈశ్వరన్ అయితే ఆ రెండు పర్యటనలకూ వెళ్లి, ఒక్క టెస్టూ ఆడకుండా తిరిగొచ్చాడు. బెంచి మీద కూర్చున్నవాడికి ఆ రెండు నెలలూ మ్యాచ్ ఉండదు. మ్యాచ్ లేకపోతే పరుగులుండవు. పరుగుల్లేవని తర్వాతి సిరీస్‌కి పక్కన పెడితే అతను ఎవరికి చెప్పుకోవాలి?

ఎంపిక చేసే హక్కు సెలెక్టర్లది, కాదనను. పదకొండు మందికే చోటు. ఎవరో ఒకరు బయట ఉండక తప్పదు. నేను కోరేది ఒక్కటే. పర్యటనకు తీసుకెళ్లి ఆడించకుండా తీసేసిన ప్రతి ఆటగాడి విషయంలో కారణాన్ని రెండు వాక్యాల్లో రాసి, జట్టుతో పాటే ప్రకటించాలి. అంతకుముందే అతనికి ఫోన్ చేసి స్వయంగా చెప్పాలి. టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకునే పరిస్థితి ఏ ఆటగాడికీ రాకూడదు.

ఇంగ్లండ్ వెళ్లిన ఆ 18 మందిలో కరుణ్ నాయర్ ఉన్నాడు. రంజీల్లో విదర్భకు పరుగుల వరద పారించి, 33 ఏళ్ల వయసులో తిరిగొచ్చాడు. నాలుగు టెస్టులు ఆడితే ఒకే ఒక్క అర్ధసెంచరీ, ఓవల్‌లో 57. ఆ ఇన్నింగ్స్‌లో అతను కొట్టిన బంతిని ఆపబోయి ఇంగ్లండ్ ఆటగాడు క్రిస్ వోక్స్ బౌండరీ దగ్గర పడ్డాడు, భుజం జారిపోయింది. అది చూసి కరుణ్ నాలుగో పరుగుకు వెళ్లలేదు, అవతల ఉన్న వాషింగ్టన్ సుందర్‌నూ ఆపేశాడు. ఒక్కో పరుగు కోసం ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మనిషి అతను. మ్యాచ్ మనం గెలిచింది ఆరు పరుగుల తేడాతో. ఆ తర్వాతి సిరీస్ జట్టులో కరుణ్ పేరు లేదు.