పాత అంబాసిడర్ ఇంజన్‌ని ఏడాదిపాటు ఆపి ఉంచాలంటే

అందరికీ నమస్కారం.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ ఆరు నెలలో ఏడాదో బండిని షెడ్డులో వదిలేసి వెళ్ళే కుటుంబాలు విశాఖలో, విజయవాడలో చాలానే ఉన్నాయి. వెళ్ళేముందు పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి, "వారానికోసారి స్టార్ట్ చేసి ఓ ఐదు నిమిషాలు ఉంచు బాబూ" అని చెబుతారు. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ ఇంజన్‌ని తినేసేది ఆ ఐదు నిమిషాలే.

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. బండి ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిస్తే ఆ నీరు ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, ఆయిల్‌లో చేరిన తడి కూడా ఎగిరిపోతుంది. ఐదు నిమిషాల్లో ఇంజన్ అంత వేడెక్కదు. తడి సిలిండర్ గోడల మీద, సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో), సైలెన్సర్‌లో అలాగే నిలిచిపోతుంది. చల్లని ఇంజన్ అందుకునేందుకు పెట్రోలు ఎక్కువ వెళ్ళేలా చోక్ లాగి నడుపుతాం కాబట్టి మండని పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి సంపులోకి దిగుతుంది. ఇలా నడిపిన బండికి రెండు నెలల తర్వాత ఆయిల్ పోసే మూత తీసి చూడండి, లోపలివైపు మీగడలా తెల్లగా పేరుకుని ఉంటుంది. అది ఆయిల్లో కలిసిన నీరు. కాబట్టి నడిపితే ఇంజన్ బాగా కాగేదాకా రోడ్డు మీద నడపాలి, లేదంటే అసలు స్టార్టే చేయకూడదు. ఏడాది ఆపేటప్పుడు రెండోదే మేలు. ఎలాగో చెబుతాను. నేను చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. డీజిల్ అంబాసిడర్ పద్ధతి వేరు.

ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. ఆ గాలినే లోపల బంధించినట్టవుతుంది. ఎండ కాసే రోజు చూసుకుని, పొద్దున్నే బండిని ఓ ముప్ఫై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. వేడి మీదే సంపు బోల్టు విప్పి పాత ఆయిల్ దించేయండి. "వచ్చాక మారుద్దాంలే, ఇప్పుడు కొత్త ఆయిల్ దండగ" అంటారు చాలామంది. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తడి, మసి ఉంటాయి. అవి ఏడాదిపాటు బేరింగుల్ని అంటిపెట్టుకుని కూర్చుంటే వాటి మీద గుంటలు పడతాయి. ఫిల్టర్ మార్చి, కొత్త 20డబ్ల్యూ-50 ఆయిల్ డిప్‌స్టిక్ గుర్తు వరకు పోయండి.

ఇంజన్ చల్లారకముందే స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు కొత్త ఆయిల్ అంతటా తిరగనివ్వండి. తర్వాత ఆపి, ట్యాంకు నుంచి ఇంజన్ దగ్గరి పెట్రోల్ పంపుకు వచ్చే పైపు విప్పి మూసేసి, మళ్ళీ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా వదిలేయండి. దీంతో కార్బురేటర్ గిన్నె దాదాపు ఖాళీ అవుతుంది. ఎస్‌యూ అయినా సోలెక్స్ అయినా (ఇవి కార్బురేటర్ రకాలు) మూత విప్పి అడుగున మిగిలిన నాలుగు చుక్కల్ని గుడ్డతో అద్దేయండి. ఆ చుక్కలే ఎండి జిగురుగా మారి జెట్లను, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలను, మూసేస్తాయి.

ఇక ట్యాంకు. "ఫుల్ ట్యాంకు పెట్టి ఆపితే తుప్పు పట్టదు" అన్న పాత మాట పెట్రోల్లో ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలపని రోజుల్లో సరైనదే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అందులో ఐదో వంతు ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పైపు పెట్రోలు తీసుకునేది కూడా అడుగు నుంచే. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని పల్చని పొర (డయాఫ్రమ్) ఇథనాల్ కోసం చేసినవి కావు, మెత్తబడి చిరుగుతాయి. అందుకే మూడు నెలలు దాటేట్టయితే ట్యాంకు ఖాళీ చేసేయడమే మంచిది. బ్యాటరీ ఎర్త్ ముందే విప్పి, ఆరుబయట, లోహపు క్యాన్లోకి దించండి. తర్వాత అర లీటరు టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి, బండిని అటూ ఇటూ ఊపి, మూత బిగించండి. అది తర్వాత పెట్రోల్లో కలిసిపోతుంది కాబట్టి కడగాల్సిన పని లేదు.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది సిలిండర్ల మీద. ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక వాల్వు తెరిచే ఉంటుంది, అందులోంచి తేమ గాలి నేరుగా సిలిండర్ లోపలికి వెళ్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గోడకు పట్టేయడం అక్కడే మొదలవుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో సిరంజితో 10 నుంచి 15 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వేయండి. ప్లగ్గులు పెట్టకుండానే, బండి ముందు నుంచి ఇంజన్ తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పండి. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 50–60 మిల్లీలీటర్లే. అంతకు మించి ఆయిల్ ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్టర్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గుల బదులు తేమ పీల్చే సిలికా జెల్ నింపిన ప్లగ్గులు పెట్టుకుంటే ఇంకా మంచిది. లోపలి గుళికలు నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే తీసి వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు.

వాల్వు స్ప్రింగుల మీద భారం తగ్గిద్దామని రాకర్ షాఫ్ట్ (వాల్వుల్ని నొక్కే రాకర్లు ఉండే కడ్డీ) నట్లు వదులు చేసేవాళ్ళున్నారు. ఈ ఇంజన్‌లో ఆ పని వద్దు. వాటిలో నాలుగు నట్లు సిలిండర్ హెడ్‌ని కూడా పట్టి ఉంచుతాయి. వదులైతే హెడ్ కింద ఉండే గాస్కెట్ దగ్గర నీరు సిలిండర్‌లోకి దిగే ప్రమాదం ఉంది. దాని బదులు నెలకోసారి హ్యాండిల్‌తో రెండు చుట్లు తిప్పి, పోయినసారి ఆగిన చోట కాకుండా వేరే చోట ఆపితే చాలు.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు ఉంటే మొత్తం దించేయండి. రేడియేటర్ కింద ఒక కుళాయి, బ్లాకుకు ఒక కుళాయి ఉంటాయి. రెండోది మర్చిపోతే బురద అంతా బ్లాకులోనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్, గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపి నిండుగా పోయండి. ఖాళీగా వదిలితే లోపలి ఇనుము తడి ఆరకముందే తుప్పు పడుతుంది.

ఎయిర్ క్లీనర్ మూతినీ, సైలెన్సర్ చివరనీ ఆయిల్ గుడ్డతో బిగించి కట్టండి. లేకపోతే కందిరీగ సైలెన్సర్‌లో మట్టి గూడు కడుతుంది, ఎలుక ఎయిర్ క్లీనర్‌లో కాపురం పెడుతుంది. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి నెలకోసారి చార్జింగ్ పెట్టించండి. స్టీరింగ్‌కి ఒక అట్టముక్క కట్టి, "సిలిండర్లలో ఆయిల్ ఉంది, ట్యాంకు ఖాళీ, గుడ్డలు కట్టి ఉన్నాయి, స్టార్ట్ చేయొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఏడాది తర్వాత మీకే గుర్తుండదు, మీ తమ్ముడికో డ్రైవర్‌కో ఎలా తెలుస్తుంది?

తిరిగి వచ్చాక తొందరపడొద్దు. గుడ్డలన్నీ తీసి, ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో 5 మిల్లీలీటర్ల ఆయిల్ వేసి హ్యాండిల్‌తో తిప్పి చూడండి. తిరగకపోతే బలవంతం చేయొద్దు, బండిని గేరులో వేసి తోయొద్దు. గట్టిగా లాగితే రింగులు విరుగుతాయి. తుప్పు వదిలించే ఆయిల్ పోసి నాలుగైదు రోజులు నాననివ్వండి. తేలిగ్గా తిరిగితే, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ తిప్పండి. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ప్లగ్గులు పెట్టకూడదు. ఆరకపోతే పంపులో ఆయిల్ ఇంకిపోయిందన్నమాట, ఫిల్టర్ విప్పి నిండా ఆయిల్ పోసి మళ్ళీ బిగించండి. ఆ తర్వాత ప్లగ్గులు, విప్పిన పెట్రోల్ పైపు తిరిగి బిగించి, తాజా పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తే మొదట కాసేపు నీలం పొగ వస్తుంది. అది సిలిండర్లలో వేసిన ఆయిల్, కంగారు పడొద్దు. పొగ తెల్లగా ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే మాత్రం వెంటనే ఆపి, హెడ్ గాస్కెట్ చూపించండి.