ఎయిర్‌పోర్ట్ లో కూర్చున్న ఆవిడ ఎవరు?

అందరికీ నమస్కారం, సంక్రాంతి శుభాకాంక్షలు. కమిటీ పెద్దలకి, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడ్డ వాళ్ళకి, ముగ్గులేసిన ఆడపిల్లలకి, భోగిపళ్ళు పోయించుకున్న బుజ్జిగాళ్ళకి, అందరికీ పేరు పేరునా థాంక్స్. నన్ను పది నిమిషాలు "సంక్రాంతి, మన సంస్కృతి" మీద మాట్లాడమన్నారు, రాసుకునే వచ్చాను, కానీ పొద్దున తేదీ చూస్తే జనవరి 17. ఆ పేపర్ బ్యాగ్ లోనే ఉంచేశాను, కమిటీ వాళ్ళు ఏమీ అనుకోవద్దు.

1996లో సరిగ్గా ఇదే రోజున, మన టెక్సస్ రాజధాని ఆస్టిన్ లోనే బార్బరా జోర్డన్ చనిపోయారు. ఎంతమందికి తెలుసు ఆవిడ? చేతులెత్తండి. ఎత్తనివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, పదకొండేళ్ళు ఇక్కడ ఉన్నాక కూడా నాకూ తెలీదు.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు సామాన్లు రావడం ఆలస్యమైంది. ఆవిడ వీల్ చెయిర్ లో కూర్చుని ఎదురుగా ఉన్న కంచు విగ్రహాన్నే చూస్తోంది. మీరందరూ చూసే ఉంటారు, బ్యాగేజ్ తీసుకునే చోట కూర్చుని ఉంటారే, ఆవిడే. "ఎవరే ఆవిడ, మా హెడ్ మిస్ట్రెస్ లా ఉంది" అంది అమ్మ. ఎవరో లీడర్ అయ్యుంటుందిలే అన్నాను. "పదకొండేళ్ళ నుంచీ ఈ దారినే తిరుగుతున్నావుగా, అడగలేదా ఎవర్నీ?" అంది. మా అమ్మ ప్రైమరీ స్కూల్ టీచరు, ఎన్నికల డ్యూటీ పడితే బ్యాలెట్ పెట్టెలతో పాటు లారీ ఎక్కి వెళ్ళి, రాత్రి బళ్ళోనే పడుకుని, పొద్దున్నే జనం వేళ్ళకి సిరా పెట్టిన మనిషి. కార్లో కూర్చున్నాక రెండో ప్రశ్న వేసింది, "సిటిజన్ అయ్యావుగా, ఓటేశావా?" లేదమ్మా అన్నాను. ఇల్లు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆ విగ్రహంలో ఉన్న బార్బరా జోర్డన్ ఎవరో చదివాను, అప్పట్నుంచీ చదువుతూనే ఉన్నాను.

పుట్టింది 1936లో, హ్యూస్టన్ లో ఫిఫ్త్ వార్డ్ అనే నల్లజాతి వాళ్ళ పేటలో. నాన్న గోడౌన్ లో గుమాస్తా, చర్చిలో పాస్టరు. టెక్సస్ సదరన్ యూనివర్సిటీ డిబేట్ టీమ్ లో ఉండగా హార్వర్డ్ టీమ్ తో పోటీపడి సమానంగా నిలిచారు, తన టీమ్ తో ఊళ్ళు తిరుగుతుంటే దారిలో హోటళ్ళలో తిండి పెట్టేవాళ్ళు కాదు. బోస్టన్ లో లా చదివి వచ్చి, ఆఫీసు పెట్టుకునే డబ్బుల్లేక అమ్మానాన్నల ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే ప్రాక్టీస్ మొదలెట్టారు. 1960లో కెనెడీ ప్రచారానికి వెళ్తే మొదట ఇచ్చింది స్టాంపులు అంటించే పని. ఒకరోజు మాట్లాడాల్సిన మనిషి రాకపోతే ఈవిణ్ణి పంపారు, ఆ గొంతు విన్నాక మళ్ళీ స్టాంపుల దగ్గర ఎవరూ కూర్చోబెట్టలేదు.

1962లో స్టేట్ హౌస్ కి, అంటే రాష్ట్ర శాసనసభ కింది సభకి నిలబడి ఓడిపోయారు, 1964లో మళ్ళీ ఓడిపోయారు. ఎందుకో వినండి, ఇది ముఖ్యం. అప్పుడు హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ, అంటే జిల్లా లాంటిది, మొత్తం కలిపి ఒకే నియోజకవర్గం, ఫిఫ్త్ వార్డ్ మొత్తం ఆవిడకే వేసినా కౌంటీ సముద్రంలో చుక్క. పైగా ఓటుకి పన్ను కట్టాలి, పోల్ టాక్స్. తర్వాత సుప్రీంకోర్టు ఒక మనిషికి ఒక ఓటు, జనాభాని బట్టే నియోజకవర్గాల గీతలు గీయాలంది, 1966లో రాష్ట్ర ఎన్నికలకి కూడా పోల్ టాక్స్ పోయింది, ఆ ఏడే ఆవిడ స్టేట్ సెనేటర్ గా, అంటే పై సభకి గెలిచారు. 1883 తర్వాత టెక్సస్ సెనేట్ లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మనిషి, నల్లజాతి మహిళల్లో అసలు మొదటావిడ. మనిషి మారలేదు, గొంతు మారలేదు, గీత మారింది, అంతే! గీతలు ఎవరు గీస్తారో కూడా మనం పట్టించుకోం.

సెనేట్ లో 31 మంది. అప్పట్లో బిల్లు చర్చకి రావాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాల్సి వచ్చేది, అంటే 11 మంది కాదంటే ఆగిపోయేది. ఓటర్ల రిజిస్ట్రేషన్ ని బిగించే బిల్లు ఒకటి వస్తే ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పదిమందిని కూడగట్టారు, తనతో పదకొండు. బిల్లు అక్కడే ఆగింది. ఇళ్ళల్లో, లాండ్రీల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ళకి కూడా వర్తించేలా రాష్ట్రంలో మొదటి కనీస వేతన చట్టం తెచ్చారు. విమర్శా ఉంది, దాచను. 1971లో గీతలు మళ్ళీ గీసినప్పుడు తనకి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు సీటు వచ్చేలా చూసుకుని సెనేట్ సీటుని చెదరగొట్టనిచ్చారని సొంతవాళ్ళే తిట్టారు. ఆ తిట్టులో నిజం ఉందనే నేనూ అనుకుంటాను.

అసలు నేను చెప్పాలనుకున్నది 1972 జూన్ 10. గవర్నరూ లెఫ్టినెంట్ గవర్నరూ ఇద్దరూ రాష్ట్రం దాటితే సెనేట్ ప్రో టెం కి, అంటే సెనేట్ తాత్కాలిక అధ్యక్షులకి ఆ కుర్చీ వస్తుంది, ఆ పదవిలో ఉన్నది ఈవిడ. ఒక్కరోజు గవర్నరు. ఒక రాష్ట్రానికి గవర్నరుగా కూర్చున్న మొదటి నల్లజాతి మహిళ, మన కాపిటల్ లోనే, అదే శాసనసభ భవనంలో, ఇక్కణ్ణుంచి అరగంట దూరం. ఫిఫ్త్ వార్డ్ నుంచి జనం కదిలివచ్చారు. వాళ్ళ నాన్న బెంజమిన్ కూడా వచ్చారు. కూతుర్ని ఆ చోట చూశారు, ఆ రోజే ఒంట్లో బాగోక కుప్పకూలి ఆసుపత్రి పాలయ్యారు, మర్నాడు పోయారు. ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది, ఇప్పుడు కూడా. ఒక్క నిమిషం... చూశారాయన. చూసి వెళ్ళారు.

ఆ తర్వాతది టీవీలో లోకమంతా చూసింది. అప్పటికి ఆవిడ కాంగ్రెస్ సభ్యురాలు. 1974లో అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన విచారణలో, "మేము, ప్రజలం" అని రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ మాటలో నేను లేను, వాషింగ్టన్, హామిల్టన్ నన్ను పొరపాటున వదిలేశారేమో అనుకునేదాన్ని అన్నారు, అన్నాక కూడా ఆ రాజ్యాంగం మీద నా నమ్మకం సంపూర్ణం అన్నారు. 1975లో ఓటుహక్కు చట్టాన్ని టెక్సస్ కి, ఇంగ్లీషు రానివాళ్ళకి వర్తింపజేయడానికి పోరాడారు. ఈరోజు హ్యూస్టన్ లో బ్యాలెట్ స్పానిష్, వియత్నామీస్, చైనీస్ లో కూడా దొరుకుతోందంటే ఆ చట్టం వల్లే. నడవలేని జబ్బుతో 1979లో కాంగ్రెస్ వదిలేసి ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. మా అమ్మ చూపు తప్పలేదు, ఆవిడ టీచరే!

టైమ్ అయిందని బెల్ కొడుతున్నారు, రెండు నిమిషాలు. ఇంటి పన్ను పెరిగిందని గ్రూపుల్లో గోల చేస్తాం, స్కూల్ కి డబ్బుల్లేవంటాం, ఆ చట్టాలు రాసేది స్టేట్ సెనేటరు. ఇప్పటికీ వాళ్ళు 31 మందే, ఒక్కొక్కరి కింద 9 లక్షలకు పైగా జనం. మన ఫంక్షన్ కి వస్తే శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం, "ఈయన ఉండేది వాషింగ్టన్ లోనా?" అని పక్కవాళ్ళని అడుగుతాం. బాబూ, నీ సెనేటర్ పేరేంటి? చెప్పమ్మా, నీకు తెలుసా? అన్నయ్యగారూ, మీకు?

అమ్మ పోయి నాలుగేళ్ళు. నేను ఓటేసిన రోజు ఫోన్ చేస్తే, "వేలు చూపించు" అంది వీడియోలో. ఇక్కడ సిరా పెట్టరమ్మా అన్నాను. "అయినా చూపించు" అంది.

బొబ్బట్ల కౌంటర్ పక్కన నా టేబుల్ ఉంది, కౌంటీ దగ్గర ట్రైనింగ్ తీసుకున్నాను, రిజిస్ట్రేషన్ ఫారాలు ఉన్నాయి, కొత్తగా నమోదు మన దగ్గర కాగితం మీదే. సిటిజన్లు మాత్రమే నింపండి, గ్రీన్ కార్డు వాళ్ళు పొరపాటున కూడా ముట్టుకోవద్దు, చిక్కుల్లో పడతారు. ఎన్నికకి 30 రోజుల ముందే ఇవ్వాలి, మార్చిలో ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక, కాబట్టి రేపు ఎల్లుండి అనకండి. పెన్నులు కూడా పెట్టాను.