తుఫాను పోయాక కరెంటు ఎందుకు లేటవుతుంది?

అందరికీ నమస్కారం. గ్రంథాలయం కమిటీ వాళ్లు తుఫాను టైములో కరెంటు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు, నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైనవాణ్ని కాబట్టి లోపల పని ఎలా జరుగుతుందో అది చెప్తాను. మన శ్రీకాకుళం తీరంలో కొబ్బరి తోటల ఉద్దానం వాళ్లు సగం మంది పైనే కనిపిస్తున్నారు ఇక్కడ, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు ఏం చూశారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మీరంతా మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే, గాలి తగ్గింది, ఎండ కూడా కాస్తోంది, ఇంకా కరెంటు ఎందుకివ్వరు అని. న్యాయమైన ప్రశ్న అది. ఇంట్లో మోటారు తిరక్క నీళ్లు లేక, సెల్ ఛార్జింగు లేక, ఫ్రిజ్‌లో పెట్టుకున్న ఇన్సులిన్ పాడైపోతుందేమో అని భయపడే మనిషికి మా కష్టాలు చెప్తే ఏం వింటారు. అందుకే ఈరోజు తీరిగ్గా చెప్తున్నా.

ముందు ఒక విషయం. తుఫాను తర్వాత కరెంటు ఎన్ని రోజుల్లో వస్తుందనేది సగానికి సగం తుఫాను రాకముందే తేలిపోతుంది. వాతావరణ శాఖ వాళ్లు దాదాపు 72 గంటల ముందు సూచన ఇస్తారు, 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు వార్నింగు. మొదటి సూచన వచ్చిన దగ్గర్నుంచే మాకు పని మొదలవ్వాలి. స్టోర్స్‌లో స్తంభాలు ఎన్ని ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, కండక్టర్ అంటే తీగ ఎన్ని కిలోమీటర్లు, తీగని పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్లు, స్తంభం మీద అడ్డంగా బిగించే క్రాస్ ఆర్ములు, ఇవన్నీ లెక్క తీసి తీరానికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా ఒక చోట దించి పెట్టుకోవాలి, ఎందుకంటే తుఫాను తర్వాత రోడ్డు మీద చెట్లు పడి ఉంటే స్టోర్‌లో ఎంత సామాను ఉన్నా అది మీ ఊరు రాదు. క్రేన్లు, జేసీబీలు, చెట్లు కోసే పవర్ సాలు, వాటికి డీజిల్ పెట్రోలు ముందే మాట్లాడుకోవాలి. పెట్రోల్ బంకులో మోటారు కూడా కరెంటుతోనే తిరుగుతుందని చాలామందికి ఆ రోజే గుర్తొస్తుంది! పక్క జిల్లాల నుంచి గ్యాంగుల్ని పిలిపించాలి, వాళ్లకి పడుకోడానికి చోటు, అన్నం. ఈ అన్నం సంగతి చిన్నదనుకుంటారు గానీ రెండు మూడు వందల మంది మనుషులు పొద్దున్నుంచి బురదలో పనిచేసి వస్తే వండిపెట్టేవాళ్లు లేకపోతే మూడో రోజుకి పని ఆగిపోతుంది, ఇది ఎవరూ ప్లానులో రాయరు.

చెట్ల కొమ్మలు కొట్టడం గురించి. మామూలు ఊళ్లలో వేప, తురాయి లాంటి చెట్ల కొమ్మలు లైనుకి తగలకుండా ముందే కొట్టేస్తే చాలావరకు నష్టం తగ్గుతుంది, అది కొట్టడానికి వెళ్తే మా చెట్టు జోలికి రావద్దని గొడవ పడేవాళ్లు ఉంటారు, దయచేసి పడకండి. కానీ ఉద్దానంలో సమస్య వేరు. కొబ్బరి చెట్టుకి కొట్టడానికి కొమ్మ ఎక్కడుంది? అది మొత్తం చెట్టే వేళ్లతో సహా లేచి లైను మీద పడుతుంది. దానికి రెండే దార్లు, చెట్టైనా తీసెయ్యాలి, లైనైనా తోట లోంచి రోడ్డు పక్కకి మార్చాలి. రైతుకి ఆ చెట్టు తరాల ఆదాయం, తీసెయ్యమని చెప్పే నోరు నాకు లేదు. కాబట్టి లైనే మార్చాలి అంటాను నేను, ఖర్చైనా సరే, మళ్లీ మళ్లీ స్తంభాలు నిలబెట్టే ఖర్చు కంటే అదే నయం.

గాలి గురించి ఒక లెక్క చెప్తాను, ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు కాబట్టి. గాలి వేగం రెట్టింపు అయితే అది నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటినప్పుడు గాలి గంటకి 75, 85 కిలోమీటర్లు, తిత్లీకి 140, 150. పేపర్లో చూస్తే రెండింటినీ తుఫాను అనే రాస్తారు, కానీ స్తంభం మీద పడిన భారం ఇంచుమించు మూడు రెట్లు తేడా. 2014 అక్టోబర్ 12న విశాఖలో హుద్‌హుద్ అప్పుడైతే గాలి 180 దాకా వెళ్లింది, అంత గాలికి స్తంభాలే కాదు, పెద్ద లైన్ల ఇనుప టవర్లు కూడా మెలికలు తిరిగి పడ్డాయి. పైగా స్తంభం ఒంటరిగా పడదు. చెట్టు తీగ మీద పడితే ఆ తీగ అటు ఇటు ఉన్న స్తంభాల్ని లాగుతుంది, అవి పక్కవాటిని, అలా వరసగా ఒక ఫర్లాంగు పడుకుంటాయి. అందుకే మధ్యమధ్యలో గట్టి స్టేలు, అంటే స్తంభం నుంచి నేలలోకి లాగి కట్టే తీగలు, వేసి స్తంభాన్ని బిగించాలి, ఆ వరస అక్కడ ఆగిపోతుంది.

గాలి ముదిరినప్పుడు మేమే కరెంటు ఆపేస్తాం, దానికి కూడా తిట్లు పడతాయి. తీగ తెగి నీళ్లలో పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవ్వాలి, అంటే దానంతటదే కరెంటు ఆపెయ్యాలి, మామూలుగా అవుతుంది, కానీ ఇసుక నేల మీద పడినప్పుడో, ఎండు చోట పడినప్పుడో ఒక్కోసారి కరెంటు తక్కువ పారి ట్రిప్ అవ్వదు, తీగ ప్రాణంతోనే పడి ఉంటుంది. చీకట్లో, గాలిలో ఎవరైనా తొక్కితే అంతే. కాబట్టి ముందే ఆపడం మీ కోసమే.

ఇక తుఫాను దాటింది. ఇప్పుడు వరస. వంశధార కాలవ తెలుసు కదా అందరికీ, హెడ్ రెగ్యులేటర్ దగ్గర గండి పడి ఉంటే మీ పొలం పిల్లకాలవ ఎంత బాగు చేసుకున్నా నీళ్లు రావు. కరెంటు కూడా అంతే, ముందు 220, 132 కేవీ, అంటే అన్ని వేల వోల్టుల లైన్లు, పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కో వాళ్లు లేపాలి, తర్వాత 33 కేవీ లైను మీద సబ్‌స్టేషన్‌కి సప్లై రావాలి, ఆ తర్వాత సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి పోయే 11 కేవీ లైన్లు, వాటినే ఫీడర్లు అంటాం, తర్వాత మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి ఇళ్ల వైపు వచ్చే ఎల్‌టీ లైను, చివరికి మీ ఇంటి సర్వీస్ వైరు. మధ్యలో ఆసుపత్రులు, మంచినీళ్ల పంపులు, సెల్ టవర్లు ఉన్న ఫీడర్లు ముందు తీసుకుంటాం. అందుకే ఎదురు వీధిలో లైట్లు వెలిగి మీ వీధిలో వెలగకపోతే అందులో పక్షపాతం వెతక్కండి, వాళ్లది వేరే ఫీడరో వేరే ట్రాన్స్‌ఫార్మరో అయి ఉంటుంది, లేదా మీకొచ్చే ఫేజు, అంటే ఆ ఒక్క తీగ, పోయి ఉంటుంది.

స్తంభం నిలబెట్టడం ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. 8 మీటర్ల స్తంభానికి దాదాపు మీటరున్నర గొయ్యి కావాలి. రోడ్డు పక్కనైతే క్రేన్ ఎత్తి పెట్టేస్తుంది, గంట పని. వరి చేను మధ్యలో అయితే క్రేన్ దిగబడిపోతుంది, జేసీబీ కూడా. అప్పుడు మనుషులే. సిమెంటు స్తంభానికి తాళ్లు కట్టి, కింద వాసాలు పెట్టి, పది పన్నెండు మంది భుజాల మీద గట్టు వెంబడి మోస్తారు, ఒకడు ముందు నడుస్తూ ఎక్కడ కాలు పెట్టాలో చెప్తాడు. గొయ్యి తవ్వుతుంటే సగం తవ్వేలోపే పక్కల నుంచి నీళ్లు ఊరి మట్టి జారిపోతుంది, బకెట్లతో తోడుతూ తవ్వాలి. స్తంభం దించాక రాళ్లు, మట్టి వేసి దిమ్మిస పెట్టాలి, లేకపోతే వారంలో వంగిపోతుంది. అలా ఒక గ్యాంగు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే లెక్క చాలా తక్కువ వస్తుంది, తిత్లీకి పడినవి వేలల్లో. కొన్ని ఊళ్లకి వారానికి పైగా పట్టింది అంటే కారణం ఇదే, ఆఫీసులో ఎవరో నిద్రపోయి కాదు. ఆ చేను రైతు తన పంట తొక్కుతున్నా దారి ఇచ్చి, మజ్జిగ కూడా తెచ్చి ఇచ్చిన ఊళ్లున్నాయి, అది నేను మర్చిపోను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వచ్చాను. స్తంభాలు లేచాయి, తీగలు లాగారు, మీకు చూడ్డానికి అంతా అయిపోయింది, అయినా ఇంకో మూడు గంటలు కరెంటు రాదు. ఎందుకు? మా పనిలో ఎల్‌సీ అని ఒకటుంది, లైన్ క్లియర్. ఒక గ్యాంగు లైను మీద పనిచెయ్యాలంటే సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి, ఎవరి పేరు మీద, ఏ ఫీడరు, ఎన్ని గంటలకి, అన్నీ రిజిస్టర్‌లో రాస్తారు. పని అయ్యాక అదే మనిషి నా మనుషులందరూ దిగిపోయారు, తీగని నేలకి కలిపి పెట్టిన ఎర్త్ రాడ్లు తీసేశాం అని చెప్పి ఎల్‌సీ రిటర్న్ చెయ్యాలి. మామూలు రోజున ఒక ఫీడరు మీద ఒక ఎల్‌సీ ఉంటుంది. తుఫాను తర్వాత ఒకే ఫీడరు మీద నాలుగైదు గ్యాంగులు, అందులో రెండు వేరే జిల్లా నుంచి వచ్చినవి, వాళ్లకి ఇక్కడ ఊళ్ల పేర్లు కూడా తెలీవు. నాలుగు ఎల్‌సీలు రిటర్న్ అయి ఐదోది రాలేదు, ఫోన్ చేద్దామంటే సెల్ టవర్లు పనిచెయ్యట్లేదు. అప్పుడు బండి వేసుకుని ఒక మనిషి ఆ గ్యాంగు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి, చూసి రావాలి. అప్పటిదాకా లైను ఛార్జ్ చెయ్యకూడదు, అంటే కరెంటు వదలకూడదు. బయట జనం సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి అరుస్తుంటారు, నాయకులు ఫోన్లు, ఆపరేటర్ కుర్రాడు ఇరవై ఐదేళ్లవాడు లోపల ఒక్కడే ఉంటాడు. ఆ బటన్ నొక్కితే ఊరంతా చప్పట్లు కొడుతుంది, ఎక్కడో చివర స్తంభం మీద ఒకడు ఉంటే వాడు చచ్చిపోతాడు. ఆ కుర్రాడు నొక్కకుండా కూర్చున్నాడంటే వాడు పని చేస్తున్నట్టు, చెయ్యనట్టు కాదు. ఇది మీరు ఇంటికి వెళ్లి పదిమందికి చెప్పాలని నా కోరిక.

ఇంకో ప్రమాదం మన ఇళ్లలోంచే వస్తుంది. జనరేటర్. చాలామంది చేంజోవర్ స్విచ్, అంటే లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒక్కటే ఇంట్లోకి రానిచ్చే స్విచ్, పెట్టించుకోకుండా జనరేటర్ వైరు తీసుకొచ్చి ప్లగ్గులో పెట్టేస్తారు, మెయిన్ ఆపడం మర్చిపోతారు. ఆ కరెంటు మీ ఇంట్లో ఆగదు, సర్వీస్ వైరు మీదుగా వెనక్కి లైనులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని తగ్గించి మీకు ఇస్తుంది కదా, వెనక నుంచి ఇస్తే అది పెంచి 11 కేవీ చేస్తుంది. అక్కడ సబ్‌స్టేషన్‌లో ఆపేసి ఉంది కదా అని లైన్‌మన్ తీగ పట్టుకుంటాడు. పనిచేసే చోట రెండు వైపులా ఎర్త్ రాడ్లు వెయ్యమని మేం మొత్తుకునేది దీనికోసమే, కానీ అలిసిపోయిన మనిషి, చీకటి పడుతోంది, ఒక్క జంపరే కదా, రెండు తీగల్ని కలిపే ముక్కే కదా అనుకుంటాడు. పెళ్లి హాళ్లు, ఆక్వా చెరువుల వాళ్లు, షాపుల వాళ్లు దయచేసి చేంజోవర్ పెట్టించుకోండి.

అండర్‌గ్రౌండ్ కేబుల్ వేసెయ్యొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు అప్పుతో కొన్ని ప్రాంతాల్లో వేశారు, నగరానికి అది మంచిదే. కానీ ఖర్చు పై లైను కంటే ఎన్నో రెట్లు, ఫాల్ట్ వస్తే ఎక్కడ వచ్చిందో కనిపెట్టడానికే మెషీను తేవాలి, తవ్వాలి, కనబడే తీగ కాదు. ఊరూరా చెల్లాచెదురుగా ఇళ్లుండే మన జిల్లాలో మొత్తం అలా చెయ్యడం అయ్యే పని కాదు. ఆసుపత్రికి, నీళ్ల ట్యాంకుకి, సబ్‌స్టేషన్‌కి వెళ్లే లైన్లకి చెయ్యాలి, ప్రతి సబ్‌స్టేషన్‌కి రెండు వైపుల నుంచి 33 కేవీ ఉండాలి, ఒకటి పడితే ఇంకోటి. మన డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

2019 మే 3న ఫొని పూరీ దగ్గర దాటినప్పుడు మన వైపు నుంచి కూడా మనుషులు అక్కడికి వెళ్లి స్తంభాలు నిలబెట్టారు. ఈ రాకపోకలు ఏ రాష్ట్రం దాటి ఏ రాష్ట్రమైనా జరుగుతుంటాయి, అందుకే వచ్చిన గ్యాంగుకి దారి చూపించే మనిషి ప్రతి ఊళ్లో ఒకడుండాలి. ఏ స్తంభం ఎక్కడుంది, ఏ లైను ఏ తోటలోంచి పోతుంది తెలిసిన ఒక కుర్రాణ్ని ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. తీగ తెగితే దగ్గరికి వెళ్లకండి, చుట్టూ ఎవర్నీ రానివ్వకండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912 కి ఫోన్ చెయ్యండి, చేసినప్పుడు మా ఊళ్లో కరెంటు లేదు అని కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ మీద, స్తంభం మీద నంబరు రాసి ఉంటే అది చెప్పండి, లేకపోతే ఏ గుడి దగ్గర, ఏ బోరు పక్కన అని చెప్పండి, రాత్రి చీకట్లో వెతికే మనిషికి అర్ధగంట మిగులుతుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ముందుగా, వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మ.