హాబ్ కింద ఓవెన్ పడుతుందా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. వంటగట్టు మీద హాబ్, అంటే గట్టులోకి దించి బిగించే స్టవ్, ముందే ఉంది, ఇప్పుడు దాని కింద ఓవెన్ పెట్టుకోవాలి. ఇవాళ ఆ పని గురించే మాట్లాడుకుందాం. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్ 1: నమస్కారం సార్. మాది నాలుగు బర్నర్ల గ్యాస్ హాబ్. కింద మూడు డ్రాయర్లున్నాయి. అవి తీయించేసి ఓవెన్ పెట్టించాలనుకుంటున్నాం. క్యాబినెట్ వెడల్పు సరిగ్గా 600 మిల్లీమీటర్లుంది, ఓవెన్ కూడా 600 సైజే అంటున్నారు. ఇంక కొనేయొచ్చా?

నిపుణుడు: తొందరపడకండమ్మా. ముందు హాబ్ మాన్యువల్ తీయండి. ఓవెన్‌ది తర్వాత. కింద ఓవెన్ పెట్టొచ్చా లేదా అన్నది తేల్చేది హాబే. పెట్టొచ్చంటే మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో బొమ్మ గీసి చూపిస్తారు. కొన్నిటికి కూలింగ్ ఫ్యాన్ ఉన్న ఓవెనే పెట్టాలన్న షరతు ఉంటుంది.

కాలర్ 1: ఆ పుస్తకం ఎక్కడుందో ఏమో సార్.

నిపుణుడు: పై డ్రాయర్ ఊడదీసి ఫోన్ టార్చ్‌తో హాబ్ అడుగు చూడండి. చాలావాటికి మోడల్ నంబరున్న చిన్న రేకు అక్కడే ఉంటుంది. ఆ నంబరుతో వెతికితే మాన్యువల్ దొరుకుతుంది. ఎలాగూ డ్రాయర్ తీశారు కాబట్టి అడుగున ఏమేం వేలాడుతున్నాయో కూడా చూసుకోండి. హాబ్ పెట్టె, దాన్ని గట్టుకు పట్టి ఉంచే క్లిప్పులు, వెనక మూల గ్యాస్ ఎల్బో, అంటే గొట్టం తగిలించే వంపు ముక్క. అందరూ పెట్టె లోతే కొలుస్తారు, ఎల్బోని మర్చిపోతారు. అది పెట్టె కంటే ఇంకో 20, 30 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉండొచ్చు. ఓవెన్ లోపలికి తోసేటప్పుడు సరిగ్గా దానికే వెళ్లి కొట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: ఎత్తు ఎలా లెక్క వేసుకోవాలి?

నిపుణుడు: పైనుంచి కిందికి రావాలి. గట్టు పైభాగం ఫ్లోర్ నుంచి 850 అనుకుందాం. గట్టు పైనుంచి హాబ్ అడుగుదాకా, ఎల్బోతో కలిపి, 70 పోయింది. 780 మిగిలింది. మాన్యువల్‌లో 20 ఖాళీ అడిగారనుకుంటే 760. ఓవెన్ ఎత్తు 595. అంటే ఓవెన్ కూర్చునే పలక పైభాగం ఫ్లోర్ నుంచి 165లో రావాలి. పలక మందం 18 తీసేస్తే దాని కింద 147 ఉంటుంది, స్కర్టింగ్‌కు, అంటే క్యాబినెట్ కింద ఫ్లోర్ దగ్గరుండే పట్టీకి, సరిపోతుంది. ఇదంతా మామూలు సింగిల్ ఓవెన్‌కి. డబుల్ ఓవెన్ 720 దాకా ఉంటుంది, ఈ 850 గట్టు కింద ఈ హాబ్‌తో దాదాపు కుదరదు.

కాలర్ 1: వెడల్పు మాత్రం సరిపోయినట్టేగా?

నిపుణుడు: మీరు చెప్పిన 600 బయటి కొలత అయితే సరిపోతుంది. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లై పోతే లోపల 564. ఓవెన్ పెట్టె సాధారణంగా 560 లోపే, ముందు ముఖం మాత్రం 595. ఆ ముఖం ప్లై అంచుల మీద కప్పుకుని కూర్చుంటుంది. అయితే డ్రాయర్ చానెళ్లు పూర్తిగా ఊడదీయాలి. ఒక్కటి మిగిలినా పెట్టె దూరదు. లోతు లోపల కనీసం 560 ఉండాలి.

ఇక గ్యాస్ గొట్టం. అసలు పని ఇదే. డ్రాయర్లున్నప్పుడు వెనకగా రబ్బరు గొట్టం దిగి ఉంటే అది అలాగే ఉంచి ముందు ఓవెన్ తోసేయడం చాలాచోట్ల జరుగుతుంది. ఓవెన్ వీపు వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి, పైగా పగిలిన సంగతి కంటికి కనపడదు. అక్కడ రబ్బరు వద్దు. లోహపు పైపు వేయించి, పక్క క్యాబినెట్‌లో, చేతికి అందేచోట గ్యాస్ ఆపే కాక్ పెట్టించండి. ఓవెన్ లాగితే తప్ప అందని కాక్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గ్యాస్ పని తెలిసిన ఫిట్టర్ చేయాలి. అయ్యాక ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడమనండి. ఓవెన్ లోపలికి వెళ్లకముందే సుమా.

వ్యాఖ్యాత: మంచిదమ్మా. రెండో కాలర్, చెప్పండి సార్.

కాలర్ 2: మాది ఇండక్షన్ హాబ్ సార్. దానికి పెద్ద లైను వేసి ఉంది, 32 ఆంప్స్. ఓవెన్ కూడా అందులోంచే తీసుకోవచ్చా? రెండూ ఒకేసారి వాడేది తక్కువే.

నిపుణుడు: హాబ్ ఎన్ని కిలోవాట్లు?

కాలర్ 2: 7.2.

నిపుణుడు: 230 వోల్టుల దగ్గర అదొక్కటే 31 ఆంప్స్ పైచిలుకు. 3 కిలోవాట్ల ఓవెన్ ఇంకో 13. మొత్తం 44. ఒకేసారి వాడబోమని ఇవాళ అనుకుంటాం, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు రెండూ వెలుగుతాయి. ఓవెన్‌కు బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. 3 కిలోవాట్ల వరకు 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకర్), 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మంచి ఎర్త్. బోర్డు దూరమైతే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. 3.6 కిలోవాట్ల మోడలైతే దాదాపు 15.7 ఆంప్స్ లాగుతుంది. 16 బ్రేకర్ మీద గంటసేపు నడిస్తే అది వేడెక్కి పడిపోవచ్చు. అప్పుడు 4 చదరపు తీగ, 20 బ్రేకర్, ప్లగ్గు లేకుండా 20 ఆంప్స్ స్విచ్ ద్వారా నేరుగా కలపడం మేలు. 16 సాకెట్‌ను అలాగే ఉంచి బ్రేకర్ మాత్రం 20కి మార్చొద్దు. అలా చేస్తే కాలేది సాకెట్.

కాలర్ 2: సాకెట్ ఓవెన్ వెనక గోడకే ఉంది సార్.

నిపుణుడు: పక్క క్యాబినెట్‌లోకి మార్పించండి. ప్లగ్గు, దాని తీగ వంపు కలిసి 50 మిల్లీమీటర్లు తింటాయి. ఓవెన్ రెండు మూడు వేళ్లంత బయటికే ఆగిపోతుంది. ఎందుకాగిందో తెలియక బలంగా తోస్తారు, ప్లగ్గు చితుకుతుంది. ఇండక్షన్ గురించి ఇంకో మాట. దాని ఫ్యాన్ కింది నుంచే గాలి పీల్చుకుంటుంది. కింద ఓవెన్ వేడి నిలిచిపోతే హాబ్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది, లేదా ఎర్రర్ చూపించి ఆగుతుంది. జనం హాబ్ పాడైందనుకుంటారు, నిజానికి దానికి ఊపిరాడటం లేదు. మాన్యువల్ చెప్పిన ఖాళీ అక్కడ తగ్గకూడదు.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్.

కాలర్ 3: నేను కార్పెంటర్‌ని సార్. క్యాబినెట్‌కి వెనక ప్లై కొట్టేశాను. ముందు ఓవెన్ చుట్టూ సందు కనపడుతోందని సిలికాన్ పట్టించమంటున్నారు ఇంటివాళ్లు. పట్టించొచ్చా?

నిపుణుడు: వద్దు బాబూ. ఆ సందు గాలి కోసమే. ఓవెన్ లోపలి కూలింగ్ ఫ్యాన్ తన పెట్టె చుట్టూ ఉన్న గాలిని లాగి, తలుపుకూ కంట్రోల్ ప్యానెల్‌కూ మధ్య నుంచి ముందుకు ఊదుతుంది. లాగడానికి గాలే లేకపోతే ప్యానెల్, హాబ్ నాబ్‌లు, పక్క షట్టర్ల లామినేట్ అన్నీ వేడెక్కుతాయి. వెనక ప్లై తీసేయ్. కూర్చునే పలక వెనక అంచు గోడకు 50 మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి, స్కర్టింగ్‌లో కూడా గాలి దూరే జాలీ ఉంటే మంచిది. పక్క ప్యానెళ్ల లామినేట్, జిగురు 90 డిగ్రీలు తట్టుకునేవి వాడాలి, లేకపోతే ముందు అంచుపట్టీ ఊడొస్తుంది. ఇంటివాళ్లకు చెప్పు, ఓవెన్ ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపి దాన్ని ఆపకూడదు.

కాలర్ 3: పలక ఎంత మందం సార్?

నిపుణుడు: ఓవెన్ బరువు 30 నుంచి 40 కిలోలు. 18 ప్లై, కింద రెండు పక్కలా, వెనకా ఆనుకోవడానికి రీపర్లు, అంటే చెక్క పట్టీలు. పక్కల్లో మేకుల మీద ఆనించిన పలక కొన్నాళ్లకు వంగుతుంది. ఓవెన్ లోపలికి తోసేముందు తలుపు, లోపలి ట్రేలు తీసేస్తే చాలా తేలికవుతుంది. తలుపు హ్యాండిల్ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. లోపలికి వెళ్లాక మధ్య గ్రిల్ మీద లెవెల్ పెట్టి చూసి, అప్పుడు పక్క ఫ్రేముల్లోంచి స్క్రూలు బిగించు. స్క్రూలు మానేస్తే, తలుపు తెరిచి బరువైన ట్రే దాని మీద పెట్టిన రోజు ఓవెన్ ముందుకు ఒరుగుతుంది.

వ్యాఖ్యాత: ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్ 4: ఓవెన్ పెట్టించి వారమైంది సార్. ఫ్యాన్ గుర్తున్న మోడ్‌లో పెడితే పది నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతోంది. గ్రిల్ మీద పెడితే ఏం కాదు.

నిపుణుడు: బోర్డులో పడేది చిన్న ఎంసీబీనా, టెస్ట్ బటన్ ఉండే పెద్ద స్విచ్చా?

కాలర్ 4: టెస్ట్ బటన్ ఉన్నదే.

నిపుణుడు: ఆర్‌సీసీబీ. అంటే లోడు ఎక్కువై కాదు, కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. గ్రిల్ బాగుంది, ఫ్యాన్ మోడ్‌లోనే పడుతోందంటే ఫ్యాన్ చుట్టూ ఉండే గుండ్రటి ఎలిమెంట్ మీద అనుమానం. ఎలిమెంట్ గొట్టంలో నింపే పొడి తేమ పీల్చుకుంటుంది. గోడౌన్‌లో ఎక్కువకాలం ఉన్న కొత్త ఓవెన్లలోనూ ఇది చూస్తాం. ఆన్ చేయగానే పడిపోతే తీగ నలిగిందేమో చూస్తాం. మీది పది నిమిషాలకు పడుతోంది, కాబట్టి తేమ కావొచ్చు, వేడికి ఇన్సులేషన్ వదిలేయడమూ కావొచ్చు.

కాలర్ 4: ఎలక్ట్రీషియన్ ఆ ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలుపుతానన్నాడు.

నిపుణుడు: ఒప్పుకోకండి. 30 మిల్లీఆంప్స్ దగ్గర పడిపోయే ఆ స్విచ్చే మీ చేతికీ ఓవెన్ బాడీకీ మధ్య కాపలా. ఓవెన్ కొత్తది కాబట్టి వారంటీ కింద సర్వీసు వాళ్లను పిలవండి. ఇన్సులేషన్ కొలిచే మీటరు మెగ్గర్‌తో ఆ ఎలిమెంట్‌ను విడిగా పరీక్షించమనండి. తేమే అయితే ఎండబెట్టాక రీడింగ్ పెరుగుతుంది, పెరగకపోతే ఎలిమెంట్ మార్చాల్సిందే. వాళ్లు వచ్చేదాకా ఆ మోడ్ వాడొద్దు. ఓవెన్ బయటికి లాగేముందు మెయిన్ ఆపి, స్క్రూలు విప్పి, ఇద్దరు పట్టుకోవాలి. వెనక వైరు ఎంత పొడవు వదిలారో చూసి లాగమనండి. కురచగా ఉంటే టెర్మినల్ దగ్గరే ఊడొస్తుంది.