ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగారా?

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, మన్నించండి. అమలాపురంలో, గ్రంథాలయ వారోత్సవాల్లో, ఫ్యాన్ ఫిక్షన్ మీద, దాని మీద జరిగే పరిశోధన మీద మాట్లాడనిచ్చినందుకు నిర్వాహకులకు చాలా థ్యాంక్స్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నచ్చిన సినిమాలోనో సీరియల్లోనో పాత్రలను తీసుకుని అభిమానులు డబ్బు ఆశించకుండా రాసుకునే కథలే ఫ్యాన్ ఫిక్షన్. ఇద్దరు మగవాళ్ల మధ్య, ఇద్దరు ఆడవాళ్ల మధ్య ప్రేమ కథలు వాటిలో బోలెడున్నాయి. ముఖం చిట్లించకండి. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందని మన అమ్మమ్మలు పాడారే, అది వాల్మీకిలో ఉందా? తమ గోడు లేని కథలో తమ గోడు పెట్టుకున్నారు. ఆ ఆడవాళ్ల పాటల మీద వెల్చేరు నారాయణరావు గారి వ్యాసం 1991లో వస్తే గౌరవంగా చదువుకున్నాం. పక్కనే ర్యాలి గుడిలో ఒకే రాతిలో ముందు కేశవస్వామి, వెనక మోహిని, అక్కడ దణ్ణం పెట్టుకునే వస్తాం కదా!

సరే, పరిశోధన సంగతి. అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లోని కర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమ రాసిన కథ 1974లో ఒక అభిమానుల పత్రికలో అచ్చయింది. 1985లో రచయిత్రి జొయానా రస్ అలాంటి కథల మీద వ్యాసం రాశారు, 1992లో పరిశోధకులు హెన్రీ జెంకిన్స్, కమీల్ బేకన్-స్మిత్ చెరో పుస్తకం తెచ్చారు. ఆడవాళ్లు ఇద్దరు మగవాళ్ల ప్రేమ ఎందుకు రాస్తున్నారన్నదే చాలాకాలం పెద్ద ప్రశ్న. రాసేవాళ్లలోనే క్వీర్ మనుషులు, అంటే ప్రేమలోనో జెండర్‌లోనో మామూలనుకునే చట్రంలో ఇమడనివాళ్లు, ఉంటారన్న ఆలోచన వెనకబడింది. 2013లో అభిమానులే చేసుకున్న ఒక సర్వేకి పదివేల మందికి పైగా జవాబిచ్చారు, సగానికి పైగా తాము లైంగిక, జెండర్ మైనారిటీలమనే చెప్పారు. ఇక ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ కథల మీద పరిశోధన ఇప్పటికీ తక్కువే, దాని గురించి చాలా చెప్పాలనుకుని వచ్చాను గానీ, అంతకంటే ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆమధ్య ఒక సెమినార్‌లో ఒకాయన పేపర్ చదివారు. తెర మీద ఒక కథలోంచి పేరా మొత్తం, కింద రాసినామె కలం పేరు, ఆ పక్కన "కోనసీమ". ఒక సీరియల్లోని ఇద్దరు హీరోయిన్లు రేవులో ఆఖరి పంటు కోసం నిలబడతారు, పంటు ఎక్కేటప్పుడు ఒకామె రెండో ఆమె చెప్పులు తన చేతిలో పట్టుకుంటుంది. అంతే కథ. హాల్లో ఎవరో నవ్వారు. ఇంకెవరో ఫోన్లో వెతికి మిగతా కథలు పైకి చదివారు. వారం తిరక్కుండా ఆ అకౌంటే లేదు. కథలు పోతే పోయాయి, వాటి కింద "ఇది నా సంగతేనక్కా" అని రాసుకున్న పిల్లల మాటలు కూడా పోయాయండీ. ఆ అమ్మాయి నా దగ్గర చదువుకుంది. ఇవాళ ఇది చెప్పవచ్చా అని అడిగి, తను సరేనన్నంత వరకే చెబుతున్నాను.

2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరమనే 377వ సెక్షన్ విషయంలో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, వయసొచ్చినవాళ్లు ఇష్టపడి కలిసుండటం నేరం కాదు. కోర్టులో కాదు, ఇంట్లో? అన్నయ్య ఫోన్ తీసి చూస్తే? ఆ కలం పేరు వెనక ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. రొయ్యల చెరువులో శాంపిల్ తీసినట్టు వాళ్ల రాతలు తీసేసుకుంటున్నాం. "నెట్‌లో పెట్టింది కదా, అందరిదీ" అని ఆ సెమినార్ పెద్దలు నాకు చెప్పారు. కాదండీ! 2008 నుంచి వస్తున్న ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అండ్ కల్చర్స్ అనే పత్రిక, ఇదే రంగంలో పనిచేసే పత్రిక, అభిమానుల రచనలు ఉటంకించే ముందు వాళ్ల అనుమతి తీసుకోమని గట్టిగా చెబుతుంది. మనకేం అడ్డం?

ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్నారు, వాళ్ల గైడ్లూ ఉన్నారు. మాస్టారూ, మీకే చెబుతున్నాను, థీసిస్ మీద సంతకం పెట్టే ముందు "ఆ అమ్మాయిని అడిగావా?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ కథ వదిలేయమనండి, కలం పేరు, ఊరు తీసేయమనండి, మాటకు మాట ఎత్తి రాయొద్దనండి, ఎందుకంటే ఒక్క వాక్యం వెతికితే చాలు మనిషి దొరికిపోతుంది. అనుమతి అడుగుతూ రాసే ఉత్తరం నమూనా తెలుగులో రాసి తెచ్చాను, బయట పుస్తకాల బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి.